వెల్వెట్ డబ్బీలో చార్మినార్

పెళ్లయి ఇరవై ఆరు రోజులైనా రోహిణికి ఇంకా అన్నీ ముద్దుగానే ఉన్నాయి. మొగుడు రవీందర్ చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నా ముద్దే, పప్పులో ఉప్పు మరిచినా ముద్దే. సోమవారం నుంచి అతనికి మూడు నెలలు నైట్ షిఫ్టు. ఆమె బడిలో పాఠాలు చెప్పి మూసాపేటలోని ఇంటికి చేరేసరికి అతను బయలుదేరుతాడు. ఆదివారం ఆడపడుచు ఇంట్లో విందు. మిగిలింది ఈ శనివారం ఒక్కటే. ఇద్దరూ చార్మినార్ ఎక్కాలనుకున్నారు. పుట్టింది ఈ ఊళ్లోనే అయినా ఒక్కరూ ఎక్కిన పాపాన పోలేదు.

తీరా ముందురోజు రవీందర్ కంపెనీ నుంచి కబురు: రేపు చార్మినార్ గౌరవార్థం నాణెం విడుదల చేస్తున్నాం, కుటుంబంతో సహా రావాలి!

హైటెక్ సిటీలోని ఆ అద్దాల మేడలో పన్నెండింటికి కూర్చుంటే నాలుగైంది. పక్కవాళ్లకు ఇచ్చిన నాణేన్ని చూసి రోహిణికి నవ్వాగలేదు. రాగి బిళ్లకు వెండి పూత. మినార్లు నాలుగూ ఉన్నాయి గానీ, గడియారం ఉండాల్సిన చోట కంపెనీ గుర్తు. ఆపైన వెల్వెట్ డబ్బీ, దానికో రిబ్బను. పేడముద్దకు పట్టుబట్ట చుట్టినట్టుంది.

"ఏందండీ, ఇంకా ఎంతసేపు?"

"అంతస్తుల వారీగా వేదిక మీదికి పిలిచి నాణెం ఇస్తున్నరు. ఇప్పుడు ఏడోది. మాది పదకొండు, ఆఖరు."

"ఐదున్నరకు ఆడ తలుపులు మూస్తరు."

"జర ఓపిక పట్టు. మధ్యల లేస్తే మేడం మనసుల పెట్టుకుంటది. వచ్చే నెల ప్రమోషన్ల లిస్టు."

మేడం అంటే శ్రీలత, హెచ్ఆర్‌కు పెద్ద. ఇంతకుముందే మైకులో గంటసేపు 'మన వారసత్వం' అంటూ కళ్లు తుడుచుకుంది. కన్నీరూ రాలేదు, కాటుకా చెదరలేదు. ఇప్పుడు అతిథులను పలకరిస్తూ వీళ్ల దగ్గర ఆగింది.

"కొత్త దంపతులా అండి? నాణెం ఎలా ఉంది?"

"మెరుస్తుంది మేడం. మీరు చార్మినార్ ఎక్కిన్రా?" అడిగింది రోహిణి.

"అబ్బే, ఆ జనంలోకి ఎవరు వెళ్తారండి! ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను, ఒక్కసారీ అటు వెళ్లలేదు." అదేదో ఘనకార్యంలా చెప్పింది.

"గట్లనా? అయితే మా డబ్బీ గూడ మీరే ఉంచుకోండ్రి. అక్కర మీకే ఉన్నట్టుంది. మేం అసలుదాని దగ్గరికి పోతున్నం."

రోహిణి లేచింది. రవీందర్ కూర్చునే ఉన్నాడు. మేడం ముఖం చూశాడు, వేదిక చూశాడు, చేతులు నలుపుకున్నాడు. ఆ కాసేపు మొగుడు ఆమెకు ఏమాత్రం ముద్దుగా కనిపించలేదు.

అప్పుడు లేచాడు. "మా అంతస్తు వంతు వస్తే నేను రాలేదని రాసుకోండి మేడం." రోహిణి చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

అమీర్‌పేటలో మెట్రో మారి, దిగి ఆటో పట్టుకుని, చివరికి పరుగెత్తారు. టికెట్లు ఇచ్చే మనిషి "జల్దీ పోండ్రి, బంద్ చేస్తున్న" అని కసిరాడు. లోపల మెట్లు ఇరుకు, చీకటి. దిగేవాళ్లకు దారిస్తూ ఇద్దరూ గోడకు అతుక్కుపోయారు.

"ప్రమోషన్ పాయె," అన్నాడు రవీందర్.

"పోనీ తియ్యి. ముందు ఎక్కు, ఇంకా శానా మెట్లున్నయ్," అంటూ రోహిణి అతని వీపు మీద రెండు చేతులూ వేసి పైకి తోసింది.