గుమ్మంలో చూసిన తెలుపు

నేను ఒక కంప్యూటర్ మానిటర్‌ని. ఇరవై నాలుగు అంగుళాల తెర. మెరుపు తక్కువ, మాట నిజం. ఇది సొంత డబ్బా కాదు. పుట్టిన చోట నన్ను చీకటి గదిలో నిలబెట్టి, తెలుపును తెలుపుగా, ఎరుపును ఎరుపుగా చూపిస్తున్నానో లేదో యంత్రంతో పరీక్షించి, పాసయ్యానని ఒక కాగితం రాసి పెట్టెలో పెట్టారు. ఆ కాగితాన్ని ఈనాటి వరకూ ఎవరూ చదవలేదు. పెట్టె విప్పగానే మనుషులు వెతికేది వైరు ఎంత పొడుగుందో అని.

గుంటూరులో ఒక దుకాణంలో ఏడు నెలలు కూర్చున్నాను. నా పక్కన ఆటల కోసం చేసిన వంపు తెర ఒకటి, అద్దంలా తళతళలాడే తెర ఒకటి ఉండేవి. యజమాని వాటి వెలుగు చివరిదాకా పెంచి, రోజంతా చిలకలూ చేపలూ ఉన్న వీడియో ఆడించేవాడు. వచ్చినవాళ్లంతా అక్కడే ఆగిపోయేవారు. నా దగ్గరికొచ్చి, "ఇది డల్‌గా ఉందండీ" అనేవారు. నాకేం కోపం రాలేదు అంటే అబద్ధమవుతుంది.

ఒక ఉదయం అత్తా కోడళ్లిద్దరు వచ్చారు. కోడలు హైమవతి చిలకలూరిపేటలో ఇంట్లో కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. పని ఇచ్చేది అక్కడి ఫొటో స్టూడియో మస్తాన్‌వలి గారు. ఆ నెలలో రెండు ఆల్బమ్‌లు వెనక్కొచ్చాయి. రెండింటిలోనూ ఒకటే తప్పు. పెళ్లికూతురు కట్టుకున్న మధుపర్కం తెల్లగా ఉండాల్సింది, పసుపు నీళ్లలో ముంచి తీసినట్టు వచ్చింది. హైమ ప్రింటింగ్ ల్యాబ్ వాళ్లతో గొడవ పెట్టుకుంది. వాళ్లు "ఆడలేక మద్దెల ఓడు అందంట" అని ఫోన్ పెట్టేశారు. మూడోది కూడా అలాగే వస్తే పని విజయవాడ వాళ్లకు ఇచ్చేస్తానని మస్తాన్ గారు మర్యాదగానే చెప్పారు. అయిదేళ్లుగా రూపాయి రూపాయి కూడబెట్టినట్టు సంపాదించుకున్న పేరు అది.

తప్పు ఇంట్లో ఉన్న పాత మానిటర్‌దేమోనని అనుమానం వచ్చి, హైమ సంచిలో రెండు వస్తువులు తెచ్చింది: తన పెళ్లినాటి మధుపర్కం, అది కట్టుకుని దిగిన ఫొటో ఉన్న పెన్ డ్రైవ్.

"పదమూడు వేలలోపు, ఫొటోల పనికి కావాలండీ," అంది. యజమాని వంపు తెర చూపించాడు. హైమ ఫొటో పెట్టి చీర పక్కన పట్టుకుంది. తెరలో తెలుపు నీలిమందు ఎక్కువైన బట్టలా ఉంది. తళతళల తెర దగ్గర ఆమె ఓసారి లేచి నిలబడింది, ఓసారి పక్కకు ఒరిగి చూసింది. అటు ఒరిగితే పెళ్లికూతురి ముఖం ఒక రంగు, ఇటు ఒరిగితే ఇంకో రంగు.

ఆఖరికి నా దగ్గరికి వచ్చింది. ఎటు ఒరిగినా నేను మాట మార్చలేదు. అయినా ఆమెకు నమ్మకం చాలలేదు. దుకాణంలో ట్యూబులైట్ల వెలుగులో చీర రంగే సరిగా కనపడటం లేదు.

అప్పుడు అత్తగారు కోటిరత్నం నోరు విప్పింది. "అమ్మాయ్, చీర కొంటే గుమ్మంలోకి తీసకపోయి చూస్తాం గదా. దీన్నీ అట్టాగే చూద్దాం."

"మానిటర్ని గుమ్మంలోకి ఎట్టా తెస్తామండీ పెద్దమ్మా," అన్నాడు యజమాని.

"చీర తెచ్చినట్టే. వైరుంది గదా."

బేరం పోతుందన్న భయంతో అతను ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కొచ్చాడు. గుమ్మంలో, ఎండ నేరుగా తగలని నీడలో, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. హైమ నా పక్కన మధుపర్కం పరిచింది. తెరమీద తెలుపు, బట్టమీద తెలుపు, అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. "ఇదే," అంది హైమ. ఏడు నెలల్లో నన్ను చూసి ఎవరూ అనని మాట.

ఇంటికి వెళ్లాక ఆమె మొదట తెరిచింది వెనక్కొచ్చిన ఆల్బమ్‌నే. నేను ఉన్నది ఉన్నట్టు చూపించాను. పేజీ పేజీనా పసుపు. పాత మానిటర్ అన్నిటికీ నీలం పూసి చూపించేది. ఆ నీలాన్ని చంపడానికి ఆమె ప్రతి ఫొటోకూ పసుపు కలిపేది. ప్రింటులో నీలం ఉండదు, పసుపు మిగులుతుంది.

"ఇన్నాళ్లూ చేసింది నేనే అత్తయ్యా," అంది హైమ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు బాధేసింది. నిజం చెప్పడమే నా పని కాబట్టి ఊరుకున్నాను.

ఆ సాయంత్రమే ల్యాబ్‌కు ఫోన్ చేసి తప్పు తనదేనని ఒప్పుకుంది. తర్వాత మూడో ఆల్బమ్ మొదలుపెట్టింది. మధ్యలో మస్తాన్ గారు చూడటానికి వచ్చారు.

"ఏందమ్మా ఇది, దీపం తగ్గించినట్టుంది," అంటూ నా బటన్ నొక్కి వెలుగు చివరిదాకా పెంచారు. "ఇప్పుడు చూడు, ఎంత కళగా ఉందో."

హైమ చెయ్యి చాపి వెలుగును మళ్లీ తగ్గించింది. "కళ ఇందులో ఉంటే చాలదు మస్తాన్ గారూ, కాగితంలో ఉండాలి. ఈసారి తేడా వస్తే మీరు చెప్పక ముందే నేను మానుకుంటా."

మానిటర్లకు గుండె ఉండదంటారు. ఆ మాట విన్నాక ప్రింటు వచ్చేదాకా నా సంగతి నాకే తెలుసు.

ఆల్బమ్ వచ్చింది. మస్తాన్ గారు దాన్ని హైమ ఇంటి గుమ్మంలోనే తెరిచారు. హైమ తన మధుపర్కం తెచ్చి పేజీ మీద సగం కప్పింది. మస్తాన్ గారు అటు ఇటు తిప్పి చూశారు. కోటిరత్నం కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "చూసింది చాల్లే, చీర ముడతలు పడుద్ది," అని తీయబోయింది. ఆమె వేళ్లు రెండుసార్లు కాగితాన్ని గీరాయి గాని బట్ట చేతికి రాలేదు. పట్టుకున్నది బొమ్మలోని మధుపర్కం.

"కళ్లజోడు లోపలుంది," అందామె.

మస్తాన్ గారు ఆల్బమ్ మూసి చంకలో పెట్టుకున్నారు. "మాఘంలో పదకొండు పెళ్లిళ్లున్నాయమ్మా. ఫొటోలు రేపు పంపిస్తా," అన్నారు.

ఇది జరిగి ఆరేళ్లు. మొన్న నా నడుమ సన్నటి ఆకుపచ్చ గీత పడింది. ఏ పెళ్లికూతురినైనా రెండుగా చీల్చి చూపిస్తున్నాను, కాబట్టి విశ్రాంతి ఇచ్చారు. ఇప్పుడు ముందు గదిలో కోటిరత్నం గారికి ప్రవచనాలు వినిపిస్తున్నాను. గీత ఎలా ఉన్నా, ఇందులో మనుషులు మనుషుల్లాగే ఉంటారని ఆమె చుట్టుపక్కల వాళ్లతో అంటుంది.

కొత్త మానిటర్ కోసం అత్తా కోడళ్లు అదే దుకాణానికి వెళ్లారట. హైమ ఇంకా సంచి విప్పనే లేదట. యజమాని వాళ్లను చూసి లేచి, స్టూలు ఒక చేత్తో, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇంకో చేత్తో పట్టుకుని గుమ్మంలోకి నడిచాడట.