ముద్ద ముట్టని చేప

కళ్ళజోళ్ళ షాపును బాగుచేయించి మళ్ళీ తెరిచిన రోజు ఉదయం మరిది ఒక ప్లాస్టిక్ సంచి ఊపుకుంటూ వచ్చాడు. సంచిలో నీళ్ళు, నీళ్ళలో ఒక చేప. తెల్లటి ఒంటి మీద నారింజ పట్టీలు, పట్టకారులా సన్నగా సాగిన మూతి. వదిన చేతిలో ఉన్న ఫ్రేము కింద పెట్టి లేచింది.

ఆ షాపు మామగారు పెట్టింది. ఆవిడ భర్తకు వేరే ఉద్యోగం ఉండటంతో వదినా మరుదులే దాన్ని నడుపుతున్నారు. వెనక చీకటిగదిలో అతను కళ్ళు పరీక్షిస్తాడు, ముందు బల్ల దగ్గర ఆవిడ అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. మధ్యలో ఉన్న ఉప్పునీటి అక్వేరియం మాత్రం పూర్తిగా ఆవిడదే. నీళ్ళు మార్చడం, ఉప్పు కలపడం, మేత వేయడం, అన్నీ ఆవిడే.

"నన్నడక్కుండా ఎందుకు తెచ్చావు? సముద్రం చేపలు కొన్ని కొత్తచోట మూతి బిగించుకుని కూర్చుంటాయి. ఇది తినడం చూశావా అసలు?"

"లొట్టలేసుకుంటూ తింది వదినా! ఈ రెండు కళ్ళతో చూశాను."

ఊరందరి చూపూ సరిచేసేవాడు అలా చెబితే ఇంకేమంటుంది? నీళ్ళకు అలవాటుపడేదాకా ఓపిగ్గా ఆగి, చేపను తొట్టెలోకి వదిలింది.

అది తినలేదు. ఆ రోజూ, ఆ తర్వాతి రోజుల్లోనూ. పొడిమేత వేస్తే ముక్క దగ్గరకు వచ్చి, చూసి, పక్కకు తిరిగింది. ఐసులో పెట్టిన రొయ్యల తురుము కరిగించి వేస్తే అదీ అంతే. దానికి తోడు తొట్టెలో ముందునుంచీ పెత్తనం చేస్తున్న నీలం చేప ఒకటి, బొటనవేలంత లేదు కానీ, కొత్తదాన్ని మూలమూలకూ తరిమింది. ఇక మనుషుల సంగతి చెప్పక్కర్లేదు. మరిది వచ్చినవాళ్ళందర్నీ తొట్టె దగ్గరకు లాక్కొచ్చి చూపించేవాడు. వాళ్ళు వేళ్ళతో, తాళం చెవులతో అద్దం మీద కొట్టేవాళ్ళు. ఒక పెద్దమనిషి కొత్త కళ్ళజోడు కాడతో కొట్టాడు.

"అయ్యా, మీ కిటికీ మీద ఎవరైనా అలా కొడితే మీకు అన్నం దిగుతుందా?" అని వదిన అడిగేసింది. ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

"కస్టమర్ల మీద అరిస్తే ఎలా వదినా! ఆకలేస్తే అదే తింటుందిలే," అని మరిది ఒక గుప్పెడు మేత తొట్టెలో కుమ్మరించాడు.

నీళ్ళు విరిగిన పాలలా తయారయ్యాయి. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ పని మానుకుని, గొట్టంతో కుళ్ళు మేత లాగిపోస్తూనే ఉంది. భుజాలు లాగేశాయి. చేప పొట్ట లోపలికి పీక్కుపోయి, తల వెనక సొట్ట కనిపిస్తోంది. మరిదిని చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది. చెయ్యి కడుక్కుని నేరుగా అతను దాన్ని కొన్న చేపల షాపుకి వెళ్ళింది.

"ఇక్కడ ఏం తినేదో చెప్పండి, అదే పెడతాను," అంది.

షాపతను తెల్లబోయాడు. "ఇక్కడేం తినలేదమ్మా. సారు తీసుకెళ్ళిన ముందురోజే దిగింది. తినడం అలవాటయ్యాక ఇస్తాను, ఆగండి అని చెప్పాను. సారు వినలేదు. షాపు తెరిచేనాటికి ఉండాల్సిందేనన్నారు."

ఆవిడ చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనైంది. అయినా కోపం బిగపట్టుకుని, ఏం చేయాలో అడిగింది. ఒంటరిగా, మసక వెలుతుర్లో పెట్టమన్నాడతను. రాళ్ళ సందుల్లో మూతి పెట్టి ఏరుకుతినే జాతి కాబట్టి పచ్చి ఆల్చిప్పను తెరిచి పెట్టి చూడమన్నాడు.

ఆవిడ తిరిగి వచ్చేసరికి మరిది చీకటిగదిలో ఒకాయనకు అక్షరాలు చదివిస్తున్నాడు. "ఇది బాగుందా? ఇదా?" అంటూ అద్దాలు మారుస్తున్నాడు.

వదిన తలుపు తోసి లైటు వేసింది. "నేనూ ఒకటి అడుగుతాను, చెప్పు. తినడం చూశావా, చూళ్ళేదా?"

"అది... షాపతను తింటుందనే అన్నాడు..."

"అతని దగ్గర్నుంచే వస్తున్నా!"

కుర్చీలో ఉన్నాయన పరీక్ష కళ్ళజోడుతోనే లేచి నిలబడ్డాడు.

"నీ ముచ్చట కోసం ఒక ప్రాణాన్ని మాడుస్తావా? పైగా నా చెవిలో పువ్వు పెడతావా? అడిగినప్పుడు తినలేదని చెబితే మొదటి రోజే వేరుగా పెట్టేదాన్ని కదా! లే. ఈ గది నాకు కావాలి."

"గదిస్తే పరీక్షలెక్కడ చేయను వదినా?"

"గుమ్మంలో చేసుకో. రోడ్డు మీద చేసుకో."

చిన్న తొట్టె తెచ్చి చీకటిగది బల్ల మీద పెట్టింది. పాత తొట్టె నీళ్ళే తోడి పోసి, గాలి గొట్టం, హీటరు అమర్చి, దాక్కోవడానికి ఒక రాయి వేసి చేపను అందులోకి మార్చింది. తలుపు మూసేసింది. మరిది ముందు గదిలో తెర కట్టుకుని, పరీక్షకు వచ్చినవాళ్ళకు ఏదో ఒకటి సర్దిచెప్పుకున్నాడు. ఇద్దరికీ మాటల్లేవు. అద్దాల కొలతలు కూడా చీటీ మీద రాసి బల్ల మీదకు తోశాడు.

ఆల్చిప్పలు ఆ పూట దొరకలేదు. ప్రాణమున్న రొయ్య పిల్లల్ని వేస్తే చేప వాటి వెంట కళ్ళు తిప్పింది కానీ నోరు తెరవలేదు. "తిను, నీ మొహం మండ! నీకూ పంతమేనా?" అని దాన్నీ తిట్టింది.

మర్నాడు మరిది ఆలస్యంగా వచ్చాడు. చేతిలో తడి సంచి, రెండు వేళ్ళకు గుడ్డపీలికలు. చేపల షాపతన్ని తనే అడిగి తెలుసుకుని, మార్కెట్లో పచ్చి ఆల్చిప్పలు కొని, ఇంట్లో తనే తెరవబోయి చెయ్యి కోసుకున్నాడు. ఆవిడ అతని వేళ్ళ వంక చూసింది. సంచి లాక్కుని, ఒక చిప్పను తెరిచి, శుభ్రంగా కడిగి, చేప ఉన్న మూలకు కాస్త దూరంలో దించి బయటికొచ్చింది. తలుపు సందులోంచి చూసింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత చేప రాయి వెనకనుంచి వచ్చింది. చిప్ప చుట్టూ తిరిగింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. తల వంచి మూతితో ఒక్క పోటు పొడిచింది. మాంసం చిన్న పోగు మూతి చివర వేలాడి లోపలికి పోయింది. ఇంకో పోటు. తర్వాత ఆగలేదు.

వదిన తలుపు చట్రాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మరిది వెనకనుంచి తొంగిచూసి, జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఫోన్ లోపల పెట్టు."

పెట్టేశాడు. మెల్లగా, "కోపం పోయిందా వదినా?" అన్నాడు.

"దానికి ఆకలి పుట్టింది. నా కోపం పోయిందని ఎవరన్నారు?"

పోలేదు కూడా. నీలం చేపను చేపల షాపతనికి ఇచ్చి రావడానికి అతన్నే పంపింది. చేప ఒళ్ళు నిండేదాకా చీకటిగది తిరిగివ్వలేదు. అతను తెర వెనకే కళ్ళు పరీక్షిస్తూ, ఉదయం వచ్చేటప్పుడు మాత్రం ఆల్చిప్పలు తెచ్చి, అడక్కుండానే బల్ల మీద పెట్టేవాడు. ఆవిడ కత్తి తీసుకుని తనే తెరిచేది.