గోడ మీద లేని వెలుగు

ఇంటీరియర్ ఆఫీసులో ఆమెను అందరూ బొమ్మలమ్మాయి అంటారు. కట్టబోయే గది కట్టాక ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో అచ్చం ఫోటో తీసినట్టు చేసిపెట్టడం ఆమె ఉద్యోగం. ఆ ఉదయం మేనమామ ఫోన్ చేసి, పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌లో దీపాల గీతను మూడోసారి ఊడదీస్తున్నానని చెప్పగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"మళ్ళీనా? ఈసారి ఏమన్నారు మావయ్యా?"

"బొమ్మలో ఉన్నట్టు రాలేదటమ్మా. మీ సారు నలుగురి ముందూ నానా మాటలూ అన్నాడు. సాయంత్రంలోగా రాకపోతే నన్ను తీసేస్తాడట. ఇంకెక్కడా పని దొరక్కుండా చేస్తానన్నాడు కూడా."

ఆ గొంతులో కోపం లేదు. అదే ఆమెను ఎక్కువ మండించింది.

మావయ్య ముప్పై ఏళ్ళుగా కరెంటు పని చేస్తున్నాడు. చుట్టాల్లో ఆయన పేరు మట్టం మావయ్య. స్విచ్ బోర్డు బిగించినా సరే, ముందు మట్టం పెట్టి చూడందే స్క్రూ తిప్పడు. ఎవరింటికైనా వెళ్తే మంచినీళ్ళు పుచ్చుకునే లోపే గోడ మీద వంకరగా ఉన్న ఫోటో సరిచేస్తాడు. అలాంటి మనిషిని ఈ పనికి కుదిర్చింది ఆమే.

పనల్లా ఒక్క గీత. సీలింగ్‌లో మొదలై, మూల మలుపు తిరిగి, గోడ మీదుగా నేల దాకా దిగాలి. అల్యూమినియం గాడి, లోపల ఎల్‌ఈడీ పట్టీ, పైన తెల్లటి మూత. చెప్పడానికి ఇంతే. చేయబోతే తెలుస్తుంది. గాడి లోతు చాలకపోతే బల్బులు చుక్కలు చుక్కలుగా కనబడతాయి. అతుకు దగ్గర నల్లగీత పడుతుంది. మలుపులో వెలుగు చచ్చిపోతుంది. మావయ్య లోతైన గాడి తెచ్చాడు, మలుపు దగ్గర రెండు ముక్కలనూ ఏటవాలుగా కోసి వెంట్రుక దూరనంతగా కలిపాడు, చివర నీరసపడకుండా రెండువైపుల నుంచీ కరెంటు ఇచ్చాడు. గీత దివ్యంగా వచ్చింది. అయినా సారు కంటికి ఆనలేదు. గోడ వెలగడం లేదట! బొమ్మలో గీతకి అటూ ఇటూ మూడేసి అడుగుల మేర గోడంతా వెన్న పూసినట్టు మెరుస్తోందట.

ఎలా వెలుగుతుంది? గోడలో పాతిన దీపం గదిలోకి వెలుగు చిమ్ముతుంది గానీ, తానున్న గోడ మీద తానెలా పడుతుంది? చిన్నపిల్లనడిగినా చెబుతుంది. బొమ్మలమ్మాయి మొదట చేసిన బొమ్మలో అలాగే ఉంది. గీత తెల్లగా, నేల మీద దాని ప్రతిబింబం, గోడ మాత్రం మామూలుగా. సారు మొహం చిట్లించాడు.

"ఇదేంటిది, ట్యూబ్‌లైటు ఇరికించినట్టుంది. గోడ వెలగాలి."

"వెలగదు సర్. అక్కడ వెలుగు పడే దారే లేదు."

"దారి నువ్వు చూసుకో. నాకు వెలగాలి."

ఆమె చూసుకుంది. కంప్యూటర్‌లోనే గోడకి ఎదురుగా, గాలిలో, రెండు దీపాలు పెట్టి అవి బొమ్మలో కనబడకుండా దాచేసింది. వాటి వెలుగు మాత్రం గోడ మీద పడింది. ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ చేసేదే. డాక్టరమ్మ ఆ బొమ్మ చూసి మురిసిపోయి అప్పటికప్పుడే సరేనంది. పని మొదలయ్యాక అసలు సంగతి సారే చెబుతాడులే అని బొమ్మలమ్మాయి ఊరుకుంది. ఆయన చెప్పలేదు. చెప్పకపోగా మావయ్య మీద పడ్డాడు, పెద్దమనిషి!

ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ సంచిలో కుక్కుకుని ఆమె క్లినిక్‌కి బయల్దేరింది.

మావయ్య నిచ్చెన మీదున్నాడు, జుట్టంతా సున్నం పొడి. కింద సారు బొమ్మ కాగితం ఊపుతూ డాక్టరమ్మకి నచ్చజెబుతున్నాడు. "చేతగానప్పుడు ముందే చెప్పాలి మేడమ్. ఈ పనివాళ్ళతో ఎప్పుడూ ఇదే తంటా."

బొమ్మలమ్మాయి లాప్‌టాప్ తెచ్చి రిసెప్షన్ బల్ల మీద పెట్టింది. "ఒక్క నిమిషం ఇటు చూడండి మేడమ్."

"నువ్వెందుకొచ్చావిక్కడికి?" అన్నాడు సారు. ఆమె వినిపించుకోలేదు. బొమ్మ తెరిచి, దాచిన దీపాలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఆర్పేసింది. బొమ్మలోని గోడ చప్పబడి, ఎదురుగా ఉన్న గోడలాగే అయిపోయింది. డాక్టరమ్మ దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూసింది, రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూసినట్టు.

"మరి ఇందాకటి వెలుగు ఎక్కడిదమ్మా?"

"ఎక్కడిదీ కాదు మేడమ్. గాలిలో పెట్టాను. అలాంటి దీపం ఏ కొట్లోనూ దొరకదు. పెట్టమన్నది సారు, పెట్టింది నేను. మా మావయ్య తప్పు ఆవగింజంత కూడా లేదు."

"అది... చూపించడానికి అందరూ చేసేదే మేడమ్," అన్నాడు సారు.

"చూపించడానికైతే నాకు చూపించారు, సరే. ఆయన చేత మూడుసార్లు ఎందుకు ఊడదీయించారు?" డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "ఉన్నది ఉన్నట్టే బిగించమనండి. మిగతా గదులు కూడా ఆయనే చేస్తారు."

సారు మోగని ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. బొమ్మలమ్మాయికి గుండె మీంచి బండ దిగినట్టయింది. నవ్వుతూ నిచ్చెన వైపు తిరిగింది.

మావయ్య నవ్వలేదు. కిందికీ దిగలేదు.

"నీకు మొదటినుంచీ తెలుసా?"

"తెలుసు మావయ్యా. కానీ సారే..."

"సారు సంగతి వదిలెయ్. ఆయన పరాయివాడు. మూడు వారాలుగా రోజూ నీకే ఫోన్ చేశాను. తప్పెక్కడ జరుగుతోందే అమ్మాయ్ అని అడిగాను. చూద్దాం మావయ్యా, చూద్దాం మావయ్యా అన్నావు."

ఆమె నిచ్చెన పట్టుకుని నిలబడింది.

"నాకు చూపు పోతోందేమో అనుకున్నాను," అన్నాడు మావయ్య. "మొన్న వెళ్ళి కళ్ళు పరీక్ష చేయించుకున్నాను. నిక్షేపంగా ఉన్నాయన్నాడు డాక్టరు. నేనే నమ్మలేదు."