దుమ్ము లేని కుర్చీ

ఎర్గెష్ అడిగింది ఒక్కటే. దుమ్ము లేని పని. కూర్చుని, ఊపిరి తీసుకుంటూ చేసుకునే పని. అది కూడా ఎక్కువేనని మా కిర్గిజ్ బొగ్గు ఊరు తేల్చింది. ఎలా తేల్చిందో చెబుతాను.

అతను పెళ్ళికి ముందు నుంచీ బొగ్గు తవ్వాడు. ఊపిరితిత్తులు బిగుసుకుపోయాక గని అతన్ని పైకి పంపేసి తలుపేసుకుంది. పింఛను తేల్చే డాక్టర్ల కమిటీ ఎక్స్‌రే చూసి, ఇది గని దుమ్ము కాదు, సిగరెట్ల పొగ అంది. ఎర్గెష్ పుట్టాక సిగరెట్ ముట్టలేదు. ఆ సంగతి కమిటీ గదిలో బల్ల గుద్ది మరీ చెప్పాను.

"నువ్వెవరమ్మా? భార్యవా?" అన్నారు.

"కాదు. వీధిలో మనిషిని."

"అయితే వీధిలోకే నడు."

నడిచాను. ఎర్గెష్ నా వెనకే దగ్గుతూ వచ్చాడు. గోడ పట్టుకుని కాసేపు నిలబడి, "నాకు పింఛను వద్దు చెల్లీ, నీ దగ్గర ఏదైనా పనుంటే చూడు" అన్నాడు.

నా పేరు కల్బూబూ. మురాదిల్ అనే కుర్రాడి సమాధిరాళ్ళ కార్ఖానాలో ఫొటోలు దిద్దుతాను. పోయినవాళ్ళ మొహాలు నల్లరాయి మీద లేజర్ యంత్రంతో చెక్కుతాం. రాళ్ళ మీద బొమ్మలు పాపమని మా ముల్లా శుక్రవారం శుక్రవారం చెబుతూనే ఉంటాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఆమె బొమ్మ కూడా మా దగ్గరే చెక్కించాడు, ముడతలు కొంచెం తగ్గించమని కూడా అడిగాడు. నాకీ పని ఎవరూ నేర్పలేదు. దొంగ కాపీ సాఫ్ట్‌వేరు, సగం అర్థమయ్యే రష్యన్ వీడియోలు, మొండితనం, అంతే. నేను నేర్చుకోగా లేనిది ఎర్గెష్ ఎందుకు నేర్చుకోలేడు? నా పక్క కుర్చీలో పిల్ల రష్యా వెళ్ళిపోయింది. కుర్చీ ఖాళీ. మురాదిల్‌ని అడిగాను.

"బొగ్గు తవ్విన చేతులక్కా అవి. మౌసు పిండైపోతుంది."

"అయితే మౌసు లేకుండానే నేర్పుతా. అంతా మీటల మీదే."

మురాదిల్ చెడ్డవాడని నేననను. చెడ్డవాళ్ళయితే తిట్టుకుని పడుకోవచ్చు. వాడు లెక్క మనిషి. వసంతం వస్తే రాళ్ళు నాటించుకునేవాళ్ళు వరసకడతారు. మెనూలు తెరిచి ఒక్కో పేరూ వెతుక్కునేవాళ్ళతో వాడికి పని జరగదు.

"సరే. నీలా చెయ్యి పరిగెత్తాలి. ఆ తర్వాత ఒక రాయిస్తాను. దాని మీద మొహం కుదిరితే కుర్చీ ఆయనది. కుదరకపోతే నన్ను తిట్టకూడదు."

"తిడతాను" అన్నాను.

మొదటి రోజు ఏ మీట నొక్కినా ఏమీ కాలేదు. ఎర్గెష్ నొక్కి, ఆగి, తెర వంక చూసి, మళ్ళీ నొక్కాడు.

"పలకడం లేదు. కమిటీవాళ్ళు దీనిక్కూడా ఫోన్ చేశారేమో."

చూస్తే కీబోర్డు కిర్గిజ్ అక్షరాల్లో ఉంది. ఇంగ్లీషుకి మార్చాను. "ముందు భాష మార్చుకోవాలి. మన భాషలో చెబితే ఇది వినదు."

"ఇది కూడానా!" అన్నాడు.

అతని ఎడమ చేతికి చిటికెనవేలు లేదు. బొగ్గు బండి తినేసింది. కంట్రోల్ మీట ఆ వేలి చోటే ఉంటుంది. మొండిభాగంతో నొక్కబోతే పక్క మీట కూడా పడేది. చివరికి అరచేతి అంచుతో నొక్కడం పట్టుకున్నాడు. నేనిలా చెప్పాను, అతనలా చేశాడు.

"కంట్రోల్, జెడ్."

"ఏమవుతుంది?"

"చేసిన తప్పు వెనక్కి పోతుంది. చెయ్యనట్టే."

వేలెత్తి నా వంక తిరిగాడు. "ఈ మీట గనిలో ఎక్కడుండేది?"

"మేనేజరు గదిలో. మనకి చూపించలేదు."

నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అతను దగ్గుతున్నప్పుడు ఎవరైనా చూస్తే అతనికి ఇష్టం ఉండదు.

కంట్రోల్, జె నొక్కితే ఫొటో మీద ఇంకో పొర పడుతుందని చెప్పబోయాను. "పొరల సంగతి నాకు చెబుతావా? కింద పొర కదిలించకుండా పై పొర తియ్యాలి, అంతేగా" అన్నాడు. అంతే మరి. ఎక్స్ మీట నొక్కితే కుంచె నలుపు నుంచి తెలుపుకి మారుతుంది. బ్రాకెట్ మీటలతో కుంచె లావవుతుంది, సన్నబడుతుంది. వీటన్నిటినీ అతను గనిలో లిఫ్టు గంటల లెక్కన కట్టుకున్నాడు. ఒక గంట అంటే ఆగు. రెండంటే పైకి. మూడంటే లోపల మనిషున్నాడు, మెల్లగా. కళ్ళ చుట్టూ పని చేసేటప్పుడు కుంచె సన్నం చేస్తూ "మూడు గంటలు, మూడు గంటలు" అని గొణిగేవాడు. మంచు కరిగే లోపల అతని చెయ్యి నా చెయ్యంత వేగంగా పోతోంది. మురాదిల్ వెనక నిలబడి చూసి, టీ పంపించాడు. వాడి మెప్పు అలాగే ఉంటుంది.

తెర సంగతి కూడా చెప్పాను. ఫొటో చుట్టూ ఖాళీ తెల్లగా ఉంచకు, కన్ను మోసపోతుంది, బూడిద రంగులో ఉంచు. పని చూసుకునేటప్పుడు సైజు నూటికి నూరు పెట్టి చూడు, దూరం నుంచి అందరూ అందగాళ్ళే. మానిటరు అంచు కింద వెలుగు మీటలున్నాయి, వాటి జోలికి పోకు. చెక్కిన రాయిని పక్కన పెట్టుకుని, దానికి సరిపోయేలా తెర వెలుగు నేనే సర్దాను.

"నాకేం పని వాటితో" అన్నాడు.

తెరకి ఎదురుగా కూర్చునేవాడు కాదు. కాస్త పక్కకి తిరిగి కూర్చునేవాడు. గనిలో మాట్లాడేటప్పుడు ఎవరూ ఎవరి మొహంలోకీ మొహం పెట్టరు. నెత్తిమీద దీపం అవతలివాడి కళ్ళలో పడుతుంది. కాబట్టి తల పక్కకి తిప్పి మాట్లాడతారు. అది అక్కడి మర్యాద. పైకొచ్చాక కూడా మా ఊరి మగాళ్ళు పెళ్ళాలతో అలాగే మాట్లాడతారు.

"మానిటరుకి కళ్ళు లేవన్నా, నేరుగా చూడు."

"అలవాటు" అన్నాడు.

అలవాటు కాదు. కళ్ళు. పొద్దస్తమానం ఆ తెల్ల వెలుగు చూస్తే కళ్ళలోంచి నీళ్ళు కారేవి. ఊపిరితిత్తులు పోయినవాడికి కళ్ళు కూడా పోయాయంటే కుర్చీ ఎవడిస్తాడు? నాకు చెప్పలేదు, మురాదిల్‌కి చెప్పలేదు. మానిటరు కింద చెయ్యి పెట్టి వెలుగు తగ్గించుకున్నాడు. ఇంకాస్త నొప్పెడితే ఇంకాస్త. ఆ మూల మానిటరు పాతది, దానికి ఎప్పుడూ మబ్బేనని మేమంతా అనుకున్నాం.

జుమాగుల్ వచ్చింది. ఆమె మొగుడు ఒరొజ్ గని కప్పు కూలి పోయాడు. ఎర్గెష్, ఒరొజ్ ఒకే షిఫ్టు. పోయిన ఏడాదికి పెట్టే విందు దగ్గరపడింది, కోయడానికి గుర్రాన్ని కూడా చెప్పేశారు. రాయి లేకుండా విందు పెడితే మొగుడి తరఫువాళ్ళు ఊరుకోరు. ఉన్నది గని గుర్తింపు కార్డు మీది ఫొటో ఒక్కటే. నల్లగా, మసగ్గా. కనురెప్పల అంచున సబ్బుకి పోని బొగ్గు గీత.

"కాటుక పెట్టుకున్నాడా అని మా అమ్మ పెళ్ళిచూపుల్లో అడిగింది" అంది జుమాగుల్. "అది తియ్యకండి. అది తీస్తే వాడు కాదు."

"తియ్యను తల్లీ" అన్నాడు ఎర్గెష్.

"ఇదే నీ రాయన్నా" అన్నాడు మురాదిల్.

ఎర్గెష్ ఆ మొహం ముందు కూర్చున్నాడు. కార్డు మీది ముద్ర చెరిపాడు. నలిగిన చొక్కా తీసి కోటు తొడిగాడు. తల మీద తెల్ల ఊలు కల్పక్ టోపీ పెట్టాడు, కొంచెం వెనక్కి, ఒరొజ్ పెట్టుకునేలా. చీకట్లో ఉన్న చెంపల్ని కొద్దికొద్దిగా పైకి తెచ్చాడు. నేను మధ్యలో వెళ్ళి చూశాను. బాగుంది. నిజంగా బాగుంది. ఆ తెర మీద.

జుమాగుల్‌ని పిలిచి చూపించాం. ఆమె తెరకి దగ్గరగా మొహం పెట్టింది.

"ఏం చూస్తున్నావురా" అంది తెరతో. "పిల్లలకి బూట్లు లేవు."

మురాదిల్ కూడా వచ్చి ఆ తెర మీదే చూశాడు. "ఇంకేం. లేజర్‌కి పంపెయ్యి. అన్నా, రేపటి నుంచి ఇంటి నుంచి నీ టీ గిన్నె తెచ్చుకో, కార్ఖానా గిన్నెలన్నీ పగిలిపోయాయి."

అంటే కుర్చీ ఇచ్చేసినట్టే. ఎర్గెష్ చెవులు ఎర్రబడ్డాయి. ఏం చెయ్యాలో తోచక కీబోర్డు తుడిచాడు.

లేజర్ పడ్డ చోటల్లా నల్లరాయి తెల్లబడుతుంది. ఫొటోలో ఎంత వెలుగుంటే రాయి అంత కాలుతుంది. కాలినదాన్ని వెనక్కి తెచ్చే మీట లేదు. గీత మీద గీతగా కల్పక్ వచ్చింది, తెల్లగా. నుదురొచ్చింది, అదీ తెల్లగానే. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి నేను యంత్రం దగ్గరికి పరిగెత్తి ఆపాను. అప్పటికే కళ్ళు లేవు. కళ్ళున్న చోట రెండు బూడిద మరకలు. కనురెప్పల గీత ఎక్కడా లేదు. పిండిలో ముంచి తీసిన మొహం.

జుమాగుల్ మరుదులు ట్రక్కు వెనక్కి పెడుతున్నారు. జుమాగుల్ లోపలికి వచ్చి రాయిని చూసింది.

"ఇదెవరు?" అంది.

ఫైలు నా కంప్యూటర్లో తెరిచాను. అక్కడా పిండే. ఎర్గెష్ మానిటరు కింద చెయ్యి పెట్టి వెలుగు పెంచాను. పెంచుతూ పోయాను, పెరుగుతూనే ఉంది. అడుక్కి దించేశాడు. ఆ చీకటి తెర మీద చీకటి మొహాన్ని వెలిగించడానికి లేని వెలుగంతా ఫొటోలో పోశాడు.

"ముట్టొద్దన్నాను కదన్నా."

"కళ్ళు మండుతున్నాయి చెల్లీ."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే?"

చెబితే ఏమయ్యేది? నల్ల కళ్ళద్దాలు తెచ్చేదాన్ని. మురాదిల్ నవ్వేవాడు. ఏమో, కుర్చీ ఇచ్చేవాడు కాదేమో. అతనడిగింది నిజమైన ప్రశ్నే. మురాదిల్ మీదికి తిరిగాను.

"ఇది వెలుగు సంగతి. పని తప్పు కాదు. చెయ్యి చూశావుగా. ఆ కిటికీకి ఒక తెరచీర కట్టు, గది దీపం మార్చు, ఇంకో రాయివ్వు."

"ఇంకో రాయా? అక్కా, వాళ్ళ ట్రక్కు బయటుంది. ఏడాది విందుకి ఈ రాయే వెళ్ళాలి. ఇంకో రాయి ఎక్కడుంది? దీన్నే గీసి, మళ్ళీ నునుపు చేసి, మొహం నువ్వు దిద్దితే చెక్కాలి. గీసేవాడు మంచాన పడ్డాడు, నీకు తెలుసు." అప్పుడు ఎర్గెష్ వంక తిరిగాడు. చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాద ఇప్పటికీ నాకు ఒంటికి కారం రాసినట్టుంటుంది. "అన్నా, కుర్చీ నావల్ల కాదు. నీ కళ్ళకి అది పడదు. రాయి గీసే గ్రైండర్ ఉంది. కావాలంటే ఈ రాయితోనే మొదలుపెట్టు. మనిషి నాకు ఎలాగూ కావాలి."

"ఆయన ఊపిరితిత్తుల్లో ఇప్పటికే ఒక గనుంది" అన్నాను. "రాతి దుమ్ములోకి పంపిస్తావా? దానికన్నా నువ్వే ఒక గుంట తవ్వి అందులో పడుకోబెట్టు, రాయి కూడా నీ దగ్గరే ఉందిగా!"

"నీళ్ళు పోసుకుంటూ గీస్తే దుమ్ము లేవదు."

"నీళ్ళ గొట్టం గడ్డకట్టి ఉంది. నిన్న నువ్వే తన్నావు దాన్ని."

"అయితే ముక్కుకి గుడ్డ కట్టుకుంటాడు. నేనేమైనా బలవంతం చేస్తున్నానా? అడుగుతున్నానంతే."

మరుదులు గుమ్మంలో నిలబడి వింటున్నారు. వాళ్ళకి రాయి కావాలి. జుమాగుల్ తల వంచుకుని నిలబడింది. ఆమెకి మొగుడి మొహం కావాలి. ఆ గదిలో ప్రతివాడికీ ఏదో ఒకటి న్యాయంగానే కావాలి. ఎర్గెష్ లేచాడు. కుర్చీని బల్ల కిందికి నెట్టాడు. నా మెడలో శాలువా వైపు చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వు."

"ఇవ్వను. ఇంటికి నడు. రేపు మళ్ళీ కమిటీకి వెళదాం. ఈసారి ఆడవాళ్ళనందరినీ తీసుకొస్తాను, గేటు దగ్గర కూర్చుంటాం."

"కూర్చుంటావు. నాకు తెలుసు, కూర్చుంటావు." మొహం పక్కకి తిప్పే చెప్పాడు. "నువ్వరిచినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది చెల్లీ. కానీ ఇంట్లో పొయ్యికి అది చాలదు. ఒరొజ్ మొహం నేను పాడుచేశాను. ఇంకొకడెవడో దాన్ని గీకెయ్యడం కన్నా నేనే గీకడం నయం."

శాలువా ఇచ్చాను. ఇచ్చాను, అవును. ఎవరైనా ఇస్తారు.

నేను కార్డు ఫొటో మళ్ళీ మొదటి నుంచి తెరిచాను. ముద్ర చెరిపాను, కోటు తొడిగాను. కల్పక్‌ని అతను పెట్టినట్టే కొంచెం వెనక్కి పెట్టాను. కనురెప్పల గీత వదలకుండా పట్టుకున్నాను. మీటలు నొక్కుతుంటే గోడ అవతల గ్రైండర్ కూస్తోంది. కూస్తుంది, ఆగుతుంది. ఆగినప్పుడు దగ్గు వినబడుతుంది. దగ్గు తగ్గితే మళ్ళీ కూస్తుంది. జుమాగుల్ పెరట్లో బెంచీ మీద కూర్చుంది, మురాదిల్ టీ, రొట్టె పంపించాడు. గ్రైండర్ గది తలుపులోంచి తెల్లటి పొగలా దుమ్ము బయటికొచ్చి రొట్టె మీద పడుతోంది. ఆమె దాన్ని ఊదుకుంటూ తింటోంది. అంతలో దుమ్ము రావడం ఆగిపోయింది.

కిటికీలోంచి తొంగిచూశాను. ఎర్గెష్ లోపలి నుంచి తలుపు దగ్గరగా లాగేసుకున్నాడు. సందుల్లో గుడ్డలు కూడా కుక్కుతున్నాడు. దుమ్ము కంప్యూటర్లకి మంచిది కాదని మురాదిల్ చెప్పాడట.