వరసగా పది గంటలు

“జీతం లేని పని డ్యూటీ ఎలా అవుతుందమ్మా?” అన్నారు మాస్టారు, నా గంటల పుస్తకం తిరగేస్తూ.

పద్దెనిమిది చక్రాల లారీ నేర్పే మాస్టారాయన. బ్యాచ్‌లో తొమ్మిది మందిమి, ఆడదాన్ని నేనొక్కదాన్నే. దూరపు రూట్లలో తిరిగే డ్రైవరైనా, నేర్చుకునేవాళ్లైనా గంటల పుస్తకంలో రోజుకో పేజీ రాయాలి. పేజీకి మూడు గళ్లు: డ్రైవింగ్, ఇతర పని, విశ్రాంతి. వరసగా పది గంటల విశ్రాంతి లేకుండా స్టీరింగ్ ముట్టుకోకూడదు. మిగతా ఎనిమిది మంది పేజీల్లో సాయంత్రం నుంచి తెల్లారేదాకా విశ్రాంతి గడిలో ఒకటే గీత, స్కేలు పెట్టి కొట్టినట్టు. నా పేజీలో వంట, అంట్లు, బట్టలు, అత్తగారి మోకాళ్లకి కాపడం, నాలుగున్నరకి మళ్లీ పొయ్యి. అన్నీ ‘ఇతర పని’ కిందే రాశాను. ఎదురు తిరగాలని కాదు. నిలబడి చేసిన పనిని విశ్రాంతి అని రాయడానికి చెయ్యి రాలేదు, అంతే.

“ఈ లెక్కన నువ్వు బండెక్కకూడదు. రేపు ఆరింటికి రోడ్డు పరీక్ష. ఇన్‌స్పెక్టరు ముందు చూసేది ఇదే.”

“దిద్దమంటారా?”

ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చారు.

“ఒకసారి మూడు రోజులు సెలవు పెట్టి మా ఇంటికి సున్నం కొట్టుకున్నాను. పుస్తకంలో విశ్రాంతి అని రాసి బండెక్కాను. పట్టపగలు, రెండింటికి, కళ్లు తెరిచే ఉన్నాయి. తీసుకెళ్లి కాలవలో దించాను. జీతం సంగతి బండికి తెలీదమ్మా. దిద్దకు. ఇవాళ ఏడింటి నుంచి రేపు ఐదు దాకా పడుకో. నిజంగా పడుకో. లేచి పని చేశావో, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. రేపు తప్పితే ఇంక ఆర్నెల్లకే పరీక్ష.”

ఆర్నెల్లు! నన్ను మానిపించడానికి మా ఇంట్లో ఎవరికైనా ఒక్క జ్వరం వస్తే చాలు. ఆరేళ్లు గోదాములో పెట్టెలకి చీటీలు అంటించాను. నేను చూడని ఊళ్ల పేర్లన్నీ నా వేళ్ల మీదుగా వెళ్లిపోయాయి. ఒకరోజు ఒక డ్రైవరు క్యాబిన్ తలుపు తీసి ఉంచాడు. సీటు వెనక పరుపు, ఒక్క మనిషికి సరిపోయేది. పక్కన ఇంకొకరు పడుకునే వీలే లేదు. ఇంటికొచ్చి నేర్చుకుంటానన్నాను. “నువ్వు లారీ నడిపితే ఎదురొచ్చేవాడి సంగతేంటే?” అని మా ఆయన పడీపడీ నవ్వాడు. “వెనక్కి తిప్పేటప్పుడు ముందే చెప్పు, గోడ జరుపుకుంటాం” అన్నారు అత్తగారు. ఆవిడ మాటకి నేనూ నవ్వాను.

ఇంటికి రాగానే మాస్టారు అన్నదంతా చెప్పాను. మా ఆయన చెడ్డవాడేం కాదు. చెయ్యెత్తలేదు, ఎత్తుతానని బెదిరించలేదు. టీవీ మీంచి చూపు తిప్పకుండానే తేల్చేశాడు.

“ఇంతోటి దానికి గొడవెందుకు? విశ్రాంతి అని రాసెయ్. ఎవడొచ్చి చూశాడు?”

నిజమే, ఎవరూ చూడలేదు. అలిసిపోయావా అని అడిగిన వాళ్లందరికీ పదహారేళ్లుగా ‘అబ్బే, లేదు’ అని చెబుతూనే ఉన్నాను. ఆ అబద్ధం నాకు నోటికొచ్చు. చేత్తో రాయడమే కొత్త.

“రాయనండీ. పడుకుంటాను.”

“మరి అన్నం?”

“ఏడు దాకా ఎంతైతే అంత.”

అన్నం అయింది. కూరకి ఇంకో పది నిమిషాలు పడుతుంది. గడియారం ఏడు చూపించింది. గరిటె తీసుకెళ్లి మా ఆయన చేతిలో పెట్టాను. రిమోటు ఉన్న చేతిలోనే పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసేలోపు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను.

పడుకోవడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు. మూత కింద పడితే నా భుజం లేచింది. కుళాయి ఆగకపోతే కాలు కదిలింది. మాడిన వాసన వచ్చింది. దుప్పటి గట్టిగా పట్టుకున్నాను.

“అమ్మా, నువ్వైనా రావే! ఇదేదో అడుగంటుతోంది.”

“వస్తున్నా, ఉండరా” అన్నారు అత్తగారు.

ఆవిడ అడుగులు వినబడ్డాయి. ఒకటి బరువుగా, ఒకటి ఈడుస్తూ. ఆయన చెయ్యడు. నా పది గంటలు ఆ డెబ్బై ఏళ్ల మోకాళ్ల మీద పడతాయి. అలా దొరికిన విశ్రాంతిని ఏ గడిలో రాసుకోను? లేచి కూర్చున్నాను. పాదాలు నేలకి ఆనాయి. నిలబడితే ఆర్నెల్లు.

అడుగులు వంటింటి దాకా వెళ్లి ఆగాయి. పొయ్యి కట్టేసిన చప్పుడు. తర్వాత ఇటు తిరిగాయి. అత్తగారు లోపలికొచ్చి తలుపు గడియ పెట్టారు.

“కాళ్లు పైకి పెట్టు” అన్నారు. “కాస్త జరుగు.”

“అత్తయ్యా, మరి ఆయన...”

“మాడిన కూర తింటే చచ్చిపోడులే. వాళ్ల నాన్న తినలేదూ, నేను కాపురానికొచ్చిన మొదటి ఏడాదంతా!”

మంచం అంచున కూర్చుని, ఒక్కో కాలూ చేత్తో ఎత్తి పైన పెట్టుకున్నారు. బయటినుంచి మళ్లీ కేక. ఇద్దరిలో ఎవరిని పిలిచాడో గాని ఎవరమూ పలకలేదు.

“ఎన్నింటికి లేవాలి నువ్వు?”

“ఐదింటికి.”

“సరే. తలుపు మెల్లిగా తీసుకుని వెళ్లు” అని అటు తిరిగి, కాళ్లు బారజాపుకున్నారు. “నన్ను మాత్రం లేపకు.”