నాలుక ఎత్తు

"నోరు తెరువు. నాలుక ఎత్తు."

గేటు దగ్గర అంతమంది చూస్తుండగా కొసలమ్మ నోరు తెరిచింది. సూపర్‌వైజర్ మెడ సాచి, గొడ్డును బేరమాడేవాడు పళ్లు చూసినట్టు చూశాడు. మాత్ర లోపలికి పోయిందని నమ్మకం కుదిరాక "ఊఁ, పో" అన్నాడు.

వరసలో ఆమె వెనకే ఉన్నాడు పొడుగన్న. చూసి తల దించుకున్నాడు. అందరూ దించుకున్నారు. పని పోతుందన్న భయం మెడ మీద కూర్చుంటే తల ఎలా లేస్తుంది?

అది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ. మనసుకు జబ్బు చేసి మందులు వాడేవాళ్లకు కూడా పని ఇస్తున్నానని కాంట్రాక్టర్ పేపర్లో ఫొటో వేయించుకున్నాడు. ఫొటోలో కొసలమ్మ భుజం మీద ఆయన చెయ్యి ఉంది. మొన్ననే కొత్త రూలు పెట్టింది కూడా ఆయనే. మందులు వాడేవాళ్లు పొద్దున్నే గేటు దగ్గర మింగి చూపించాలట.

"అది రాత్రి వేసుకోమన్నారు సార్, డాక్టరుగారు. పొద్దున వేసుకుంటే తల తూలిపోతుంది" అని ఆమె మొదటిరోజే చెప్పింది.

"రాత్రి వేసుకున్నావని ఎవడు చూశాడు? పిచ్చిదాని మాట నమ్మి మిషన్ అప్పజెప్పమంటావా?"

మిషన్ అంటే ఇస్త్రీ రోలరు. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని, ఒక్కసారి ఫట్టుమని విదిలించి, కాలుతున్న రోలరుకు అందించాలి. అందించిన క్షణమే వదిలెయ్యాలి. ఆ కొసల పనిలో ఆమెను మించినవాళ్లు లేరు గనకే ఆ పేరు. తలలో గొంతులు ఎక్కువగా వినిపించే రోజున ముందే చెప్పేది: "ఈరోజు గోలగా ఉందన్నా." రెండో కొస పట్టే పొడుగన్న అప్పుడు కాస్త నిదానించేవాడు. విదిలించే ముందు "కొసా" అని మెల్లగా పిలిచేవాడు. ఆ పిలుపు పట్టుకుని ఆమె పనిలోకి వచ్చేసేది. డాక్టర్లు నేర్పింది కాదు, యజమాని ఇచ్చింది కాదు. ఇద్దరూ కలిసి కనిపెట్టుకున్న పద్ధతి.

గేటు దగ్గర నాలుక ఎత్తి చూపించి వచ్చిన ఆరోజు మాత్రం "కొసా" అని ఎన్నిసార్లు పిలిచినా ఆమె కళ్లు మూతలు పడుతూనే ఉన్నాయి. ఒక దుప్పటి అందించి, వదలడం మరిచిపోయింది. రోలరు దుప్పటితోపాటు ఆమె చేతిని లాగుతోంది. పొడుగన్న ఒక్క గెంతు గెంతి ఆమెను పక్కకు తోశాడు. అతని వేళ్లు రోలరుకు తగిలి చర్మం ఊడింది.

"చెప్పానా?" అన్నాడు సూపర్‌వైజర్, ఏదో గెలిచినవాడిలా. మధ్యాహ్నానికల్లా ఆమెను బయటికి గెంటేశారు.

సాయంత్రం అందరూ బాయిలర్ గది వెనక చేరారు. కొసలమ్మ కూడా వెనక దారిన వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. దుప్పట్ల మూటలు దించే కుర్రాడు ముందు లేచాడు.

"పాపమే, కాదనను. రేపు నా చెయ్యి పోతే? అక్క కోసం మేమంతా కుంటివాళ్లం కావాలా?"

అందరూ పొడుగన్న చేతి కట్టు వైపే చూశారు. అతనికి ఒళ్లు మండింది. చెయ్యి కన్నా ఎక్కువగా మండింది.

"కాలింది ఎవడి చెయ్యిరా? నాది. మాత్ర రాత్రి వేసుకున్నన్నాళ్లూ ఒక్క దుప్పటి అడ్డం పోయిందా? నిద్రమాత్ర మింగించి మిషన్ దగ్గరికి తోలినవాణ్ణి వదిలేసి, దీని మీద పడతావేం? పొద్దున దీని నోట్లోకి వాడు తొంగి చూస్తుంటే మనం నేల చూపులు చూశాం. అందుకే కాలింది."

బట్టలు మడిచే పిన్ని మెల్లగా అంది: "నా కొడుకు పోయినప్పట్నుంచి నేనూ మాత్ర వేసుకుంటున్నానురా. తెలిస్తే తీసేస్తారని చెప్పలేదు."

"నాకు బీపీ" అన్నాడు బాయిలర్ తాత. "నేను కళ్లు తిరిగి పడితే బాయిలర్‌తోపాటు సూపర్‌వైజర్ కూడా ఆకాశానికి లేస్తాడు. నన్నెప్పుడూ నాలుక ఎత్తమనలేదు వెధవ!"

కొసలమ్మ నవ్వింది. ఆరోజు మొదటిసారి.

"నన్ను జాలిపడి ఉంచమని అడగొద్దు" అంది. "నా మాత్ర నేను వేసుకుంటాను, నా పని నేను చేస్తాను. అది అడగండి, చాలు."

మర్నాడు పొద్దున గేటు ముందు పిన్ని నోరు తెరిచి నిలబడింది. "చూడు నాయనా, ఉన్న నాలుగు పళ్లూ లెక్క చూసుకో."

"నీకేం రోగం?"

"చూడకుండా నీకెలా తెలుస్తుంది?"

ఆమె వెనక తాత. తాత వెనక మూటల కుర్రాడు, వాడి వెనక అందరూ. ఒక్కరూ లోపల అడుగు పెట్టలేదు. కొసలమ్మను రానిస్తేనే వస్తామన్నారు. బాయిలర్ చల్లబడింది. ఆసుపత్రుల లారీలు హారన్లు కొడుతూ నిలబడిపోయాయి.

కాంట్రాక్టర్ రాలేదు. పోలీసులు వచ్చారు. పిచ్చిది జనాన్ని రెచ్చగొడుతోందని ఫోను వెళ్లిందట. అంతమందిలో కొసలమ్మనొక్కదాన్నే లాగి వ్యాన్ ఎక్కించారు. సంచీ లాక్కున్నారు.

"మాత్రలు అందులో ఉన్నాయి!" అని అరిచింది.

జనం వ్యాన్ వెనకే నడిచారు. స్టేషన్ ముందు నేల మీద కూర్చున్నారు. చీకటి పడేదాకా ఒకే మాట: "మాత్ర ఇవ్వండి!" విసిగిపోయి ఒక కానిస్టేబుల్ సంచీ తెరిచాడు. కిటికీ ఊచలు పట్టుకుని పొడుగన్న లోపలికి చూస్తున్నాడు.

బల్ల మీద కూర్చున్న కొసలమ్మ మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

"ఏదీ, నోరు తెరువు" అన్నాడు కానిస్టేబుల్.

ఆమె అతని కళ్లలోకి సూటిగా చూసింది. పెదాలు బిగించింది.

"తెరవ్వే!"

తెరవలేదు. పొడుగన్న ఊచల దగ్గర్నుంచి జనం వైపు తిరిగాడు.

"వేసుకుంది" అన్నాడు. "తన టైముకి వేసుకుంది."

జనంలోంచి బాయిలర్ తాత గొంతు లేచింది.

"కొసలమ్మను పనిలోకి రానివ్వకపోతే రేపు కూడా ఆవిరి లేవదురా!"