జిగురు ఆరే అరగంట

పొద్దున్నే అత్తగారు జిగురు గిన్నెని వేడినీళ్ళలో కూర్చోబెట్టింది. కిటికీ దగ్గర కోడలు గిటార్ పైపలక మీద గరుకు కాగితం పరిచి, దాని మీద బ్రిడ్జిని ముందుకీ వెనక్కీ రుద్దుతోంది. బ్రిడ్జి అంటే ఎంతని, జానెడు జిట్రేగి చెక్క. కానీ ఆరు తీగలూ దాన్నే పట్టుకుని వేళ్ళాడతాయి. నలభై కిలోల లాగుడు! అడుగున వెంట్రుకంత సందున్నా ఏదో ఒకరోజు టప్పున లేచి ఊరుకుంటుంది.

"వెలుతురు దూరుతోందా?" అంది అత్తగారు.

"ఎడమ చివర కొంచెం, అత్తయ్యా."

"అయితే రుద్దు. మనల్నెవరూ తరమట్లేదు."

ఆ గిటార్ల కొట్లో అతికించిన బ్రిడ్జి ఇంతవరకు ఒక్కటీ ఊడలేదు. ఎందుకో ఊరందరికీ తెలుసు. అతికించేటప్పుడు పైనుంచి ఎంత నొక్కినా, లోపలినుంచి కూడా ఏదో ఒకటి ఆనించి పట్టాలి. మిగతా కొట్లలో దానికి ఇనప బిగింపులుంటాయి. ఇక్కడ అత్తగారి కొడుకున్నాడు. పోయి మూడేళ్ళయింది. ఉన్నప్పుడు లోపల పట్టడం అతని పని, పోయాక కూడా మానలేదు, అంతే. "మీ అబ్బాయి పట్టాడుగా, ఇక ఏనుగు లాగినా రాదు" అని కొనేవాళ్ళు నిశ్చింతగా పట్టుకెళ్తారు.

జిగురు ఆరే ఆ అరగంటా కోడలు గిటార్ నడుమ గుండ్రటి రంధ్రంలో చెయ్యి పెట్టి కూర్చుంటుంది. కారిన జిగురు తుడవడానికని చెబుతుంది. అరగంట తుడిచేంత జిగురు ఏ గిటార్‌లో కారుతుందమ్మా? అత్తగారు పైన అరచేత్తో నొక్కుతూ గోడకేసి చూస్తుంది. నాకూ ఒక్క క్షణం ఇవ్వవే అని మూడేళ్ళలో ఒక్కసారైనా అడగలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య నాకేం పని అనుకునేది. అనుకుని, వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకునేది.

గురువారం గురువారం తీగలాయన వస్తాడు. ఇచ్చేవి ఆరు ప్యాకెట్లు, కూర్చునేది రెండు గంటలు. మాట్లాడేదంతా తీగల గురించే, అయినా కోడలు నవ్వుతుంది. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో! పోయిన గురువారం ఎలాగో నోరు పెగుల్చుకుని, పెళ్ళి చేసుకుందామా అని అడిగేశాడు. ఇవాళ సాయంత్రం జవాబు చెప్పాలి.

"కుదరదని చెప్పేస్తాను, అత్తయ్యా," అంది కోడలు.

"ఏం, నచ్చలేదా?"

"నచ్చాడు. కానీ లోపల మీ అబ్బాయి నా చెయ్యి పట్టుకునుండగా ఎలా?"

అత్తగారు జిగురు గిన్నెలో పుల్ల తిప్పి చూసింది. "సరే, మొహం కడుక్కురా. జిగురు కాగింది," అంది.

కోడలు అటు వెళ్ళగానే గిటార్ మీదికి వంగి రంధ్రం దగ్గర నోరు పెట్టింది.

"ఒరేయ్ నాన్నా, వింటున్నావా? ముప్పై రెండేళ్ళురా దానికి. అతను మంచివాడు. నీ అంత అందగాడు కాదులే, చెవులు కాస్త పెద్దవి. కానీ కాళ్ళు తుడుచుకుని లోపలికొస్తాడు. నువ్వేనాడైనా తుడుచుకున్నావా?" పలక మీద పడ్డ చెక్కపొడి కొంగుతో తుడిచింది. "దాన్ని వదిలెయ్యరా. నువ్వు పోవాలని నాకు మాత్రం ఉంటుందా? ఏం చెయ్యను, అదీ నా బిడ్డే."

కోడలి అడుగులు వినపడి గబుక్కున నిటారుగా కూర్చుంది.

కోడలు రాగానే అత్తగారు వేడి జిగురు రాసి, పెన్సిల్ గీతల మధ్య బ్రిడ్జి పెట్టి నొక్కింది. అడుగున కొడుకు చెయ్యి ఆనిన సంగతి తెలిసింది. కోడలు చెయ్యి లోపల పెట్టింది. కాసేపటికి ఆ పిల్ల పెదవులు వణికాయి. అరగంటయ్యాక చెయ్యి బయటికి తీస్తే వేలికి పెళ్ళినాటి ఉంగరం లేదు. సబ్బు రాసినా కదలని ఉంగరం! గిటార్‌ని బోర్లించి ఊపారు. ఏమీ గలగలమనలేదు.

"తీసేసుకున్నారు, అత్తయ్యా," అంది కోడలు. "నొప్పి పెట్టకుండా తీశారు. తర్వాత చేతిమీద రెండుసార్లు తట్టారు. బస్సెక్కించేటప్పుడు తట్టేవారే, అలాగ." కళ్ళెత్తి చూసింది. "మీరేమైనా చెప్పారా?"

"నేనా? పనీపాటా లేక కూర్చున్నానా ఏం?" అంది అత్తగారు. అని, కోడల్ని దగ్గరికి తీసుకుని తనూ ఏడ్చింది.

సాయంత్రం తీగలాయన గుమ్మంలో ఎంతసేపటికీ కాళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. కోడలు ఎదురెళ్ళి, "ఇంక చాల్లెండి, లోపలికి రండి," అంది.

రెండు నెలల తర్వాత కోడలు పెళ్ళి చేసుకుని రెండు వీధుల అవతలికి కాపురం మారింది. పొద్దున తొమ్మిదికల్లా పనికొచ్చేస్తుంది. కొత్త గిటార్‌కి బ్రిడ్జి అతికించే రోజొచ్చింది. ఇక లోపల పట్టేవాళ్ళెవరూ లేరని మూడు ఇనప బిగింపులు తెప్పించుకున్నారు. కోడలు టీ పెట్టడానికి వెళ్ళింది. అత్తగారు జిగురు రాసి బ్రిడ్జి పెట్టి, బిగింపుకి చోటు వెతుకుదామని మూడేళ్ళలో మొదటిసారి ఆ రంధ్రంలో చెయ్యి పెట్టింది.

ముందు చెక్క తగిలింది. తర్వాత వేళ్ళు తగిలాయి. గట్టిగా పట్టుకున్నాయి. ఆమె చిటికెన వేలికి చల్లగా ఆ ఉంగరం ఎక్కింది.

కోడలు టీ తెచ్చేసరికి బిగింపులు బల్లమీదే ఉన్నాయి.

"అయ్యో అత్తయ్యా, ఇంకా పెట్టలేదేం?"

"కారిన జిగురు తుడుస్తున్నానే," అంది అత్తగారు గోడకేసి చూస్తూ. "అరగంట పడుతుంది. నా టీ అక్కడ పెట్టు."